దసలిపురుగున కేది పేరు?

మన సాహిత్యమున నొక వస్తువునకు పలుపేళ్లుండుట సంపదగా నెంచబడినది. అమరకోశమును వల్లించిన విద్యార్థి నీటికిని, నిప్పునకును, ఏనుగునకును, తామరకును గల పేళ్ల వరుసలను తడుముకొనకుండ నప్పగింపగలడు. పద్యమున గణము కుదురనపుడు కవి కా వరుసలే కొంగుబంగారము. ప్రకృతిశాస్త్రమున నట్లు కాదు. అచట నొక ప్రాణికి రెండు పేళ్లున్నచో దానిని గూర్చిన జ్ఞానము రెండు గంపలలో పడును. ఒక గంపను తెఱచినవాడు రెండవ గంప యున్నదనియే యెఱుగకపోవచ్చును. ఈ కష్టము దూరదేశపు వింతజంతువులకు మాత్రమే కలుగునని తలపకుడు. మనకు చేరువనున్న యడవులలో పుట్టి, మన సాలెవారి మగ్గముపై వస్త్రమగు దసలిపట్టునకు మూలమైన పురుగు విషయముననే యీ చిక్కు రెండువందల యేబది యేండ్లుగా తెగక యున్నది. దానిని గూర్చి నాకు తోచినది పాఠకుల ముందుంచుచున్నాను.

దసలిపురుగును చూడనివారికి ముందుగా రెండు మాటలు చెప్పవలెను. మన బీర్పూరు ప్రాంతమునుండి గోదావరి వెంబడి దిగువకు పోయినచో నెడమగట్టు దేశమున చెన్నూరును, కుడిగట్టు దేశమున మహాదేవపురమును వచ్చును. ఆ ప్రాంతపు మద్దిచెట్లపై నీ పురుగులను మేపి కాయలు తీయు కుటుంబములు తరతరములుగా గలవు. గ్రుడ్డునుండి వెడలిన పురుగు నాలుగు మాఱులు కుబుసము విడిచి, ఐదవ దశలో పచ్చని రంగుతో బాగుగా బలిసి, కొమ్మచుట్టు నొక యుంగరమును, ఆ యుంగరమునుండి యొక గట్టి కాడను అల్లి, ఆ కాడకు కోడిగ్రుడ్డువలె వ్రేలాడు గూడు కట్టుకొనును. దీనినే మనవారు పట్టుకాయ యందురు. పురుగు చేసినదానిని చెట్టు కాచినట్లు కాయ యనుటలో నెంత సొగసున్నదో చూడుడు! కాయనుండి వెలువడు శలభము ఱెక్కలు చాచినచో నించుమించు జానెడుండును. నాలుగు ఱెక్కలమీదను నాలుగు కన్నులు. ప్రతి కంటినడుమ గాజుపలకవంటి పలుచని పొర. శలభదశలో దానికి ఆహారము లేదు. జతగూడి, గ్రుడ్లు పెట్టి, కొలది దినములలో చచ్చును. ఆడుది పెద్దది, తఱచుగా పసుపువన్నెది, బూడిదవన్నెవియు గలవు. మగది చిన్నది, ఇటుకవన్నెతోనో గోధుమవన్నెతోనో యుండును. ఈ రంగుల భేదమును పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను. ముందు చెప్పబోవు తగవునకు కొంత కారణమిదియే.

ఇక పేళ్ల కథ. స్వీడను దేశపు లిన్నేయసు పండితుడు 1758 లో తన ప్రకృతివ్యవస్థ యను గ్రంథముయొక్క పదియవ కూర్పును వెలువరించెను. జంతువులకు రెండేసి మాటల పేరు పెట్టు పద్ధతి దానితో స్థిరపడినది. నేటికిని జంతునామముల లెక్క 1758 జనవరి 1వ తేదీనుండియే మొదలగును. అంతకుముందు పెట్టిన పేరు లెక్కకు రాదు. శలభములలో పెక్కింటిని లిన్నేయసు ‘ఫలీనా’ యను నొక్క గంపలో వేసి, వానిలో నొకదానికి ‘పాఫియా’ యని పేరు పెట్టెను. ఆ గ్రంథపు పద్ధతి ననుసరించి వర్ణన కొన్ని పంక్తులకు మించదు, బొమ్మ లేదు. పదునైదేండ్ల తరువాత, 1773 లో, లండను నగరమున వెండిపని వృత్తిగాను కీటకసంగ్రహము వ్యసనముగాను గల డ్రూరీ యను నాతడు రంగుల బొమ్మలతో ప్రకటించిన గ్రంథముయొక్క రెండవ సంపుటమున ‘మైలిట్టా’ యను పేరుతో నొక శలభమును చూపెను. అది మన దసలిశలభమనుటకు సందేహము లేదు. 1819 లో జర్మను పండితుడు హ్యూబ్నరు ఈ తెగ శలభములకు ‘ఆంథీరియా’ యను ఇంటిపేరును కల్పించెను. కావున నేడు మన పురుగునకు ఆంథీరియా పాఫియా యనియు, ఆంథీరియా మైలిట్టా యనియు రెండు పేళ్లు వాడుకలో నున్నవి.

ఇందొక విచిత్రము గలదు. పాఫియా యన్నది సైప్రసు ద్వీపమందలి పాఫోసు పట్టణమున కొలువబడిన యఫ్రొడైటీ దేవతకు బిరుదు. మైలిట్టా యన్నదో, ఆ దేవతనే అస్సిరియనులు పిలుచు పేరని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు వ్రాసియున్నాడు. అనగా నీ రెండు పేళ్లును పురాణమునందు సయితము పర్యాయపదములే! ఒకే దేవతకు రెండు దేశముల పేళ్లు. ఒకే పురుగునకు రెండు గ్రంథముల పేళ్లు. ఇది యాదృచ్ఛికమో కాదో గాని, పర్యాయపదములను గూర్చి వ్రాయువానికి చేతికందిన దృష్టాంతము.

పై యిద్దఱితో కథ ముగిసియుండిన బాగుగనే యుండెడిది. తరువాతివా రూరకుండలేదు. 1793 లో కలకత్తా తోటకు అధికారియై పోవుటకు పూర్వము మన సామర్లకోటలో పనిచేసి, ఈ తీరపు మొక్కలను వర్ణించిన రాక్సుబర్గు, 1804 లో లండను లిన్నేయసు సంఘపు పత్రికలో వంగదేశపు అడవిపట్టులను గూర్చి వ్రాయుచు లిన్నేయసు పేరునే గ్రహించెను. పందొమ్మిదవ శతాబ్దమున హట్టను, మూరు మొదలగువారు ఱెక్కల రంగును, దొరికిన దేశమును పట్టుకొని, ఈ తెగలో మఱికొన్ని క్రొత్తపేళ్లను చేర్చిరి. పసుపువన్నె యాడుదానిని చూచి యొకడు, బూడిదవన్నెదానిని చూచి మఱియొకడు పేరు పెట్టినచో తప్పెవరిది? పెట్టెలో గ్రుచ్చిన యెండుపురుగును చూచువానికి, అవి రెండును ఒకే తల్లి గ్రుడ్లనుండి వచ్చునని యెట్లు తెలియును? కాయలను ఇంట వ్రేలాడదీసి, శలభములు వెడలుటను కన్నులార చూచు మన యడవిపల్లెవారికి తెలిసిన సంగతి, సముద్రము కావలి పండితునకు తెలియకపోవుటలో నాశ్చర్యము లేదు. 1892 లో హాంప్సను బ్రిటిషు ఇండియా జంతుజాల గ్రంథమాలలో శలభముల మొదటి సంపుటమును ప్రకటించుచు, ఈ పేళ్ల గుంపునంతయు పాఫియా క్రిందికి దెచ్చి, మైలిట్టాను దానికి పర్యాయముగా లెక్కించెను. తగవు తీఱినట్లే కనబడెను. కాని పట్టుపరిశ్రమవా రా తీర్పును పాటింపలేదు. 1964 లో రాంచీయందు దసలిపట్టు పరిశోధనాలయము నెలకొన్న తరువాత వెలువడిన వ్రాతలలో నత్యధికభాగము మైలిట్టా పేరుతోనే సాగినది. కీటకనామముల పట్టికలు వ్రాయువారిలో మాత్రము పాఫియా పక్షమువారు గలరు. పరిశ్రమ యొక దారి, పట్టిక యొక దారి.

ఇట్టి తగవులు తీర్చుటకు న్యాయస్థానము లేకపోలేదు. 1895 లో నేర్పడిన అంతర్జాతీయ జంతునామ సంఘము కలదు. దాని ధర్మశాస్త్రముయొక్క నాలుగవ కూర్పు 2000 జనవరి 1 నుండి యమలులో నున్నది. అందు మొదటి సూత్రము మన యూరిబావికడ వాడుకయే: ముందు వచ్చినవాడు ముందు తోడుకొనవలెను. ఒక ప్రాణికి రెండు పేళ్లున్నచో ముందు ప్రకటింపబడినది నిలుచును. 1758 కంటె 1773 వెనుకటిది గనుక పాఫియాయే గెలువవలెను. ఇది వినుటకు తేలిక. కాని యీ సూత్రమునకు ముందొక ప్రశ్న గలదు: ఆ రెండు పేళ్లును నిజముగా నొకే ప్రాణివేనా? డ్రూరీ బొమ్మ మన యెదుట నున్నది. లిన్నేయసు మాటలు కొన్నియే. ఆ మాటల కొలదిని బట్టి, ఆయన మనసున నున్న శలభమేదియను విషయమున భేదాభిప్రాయములకు తావు చిక్కినది. ఇట్టి సందేహము తీర్చుటకే పేరునకు ఆధారముగ నొక ప్రాణిదేహమును భద్రపఱచు నాచార మేర్పడెను. దానిని ఆదర్శప్రతి యందము. లిన్నేయసు కాలమున నా యాచారము లేదు. ఆయన సంగ్రహములను ఆయన కుమారుని మరణానంతరము 1784 లో స్మిత్తు అను నాంగ్లేయుడు కొని లండనునకు చేర్చెను. ఇరువదియవ శతాబ్దపు పండితులు పాతపేళ్ల యర్థమును తేల్చుకొనుటకు అచ్చటికి యాత్ర చేయవలసివచ్చినది.

ధర్మశాస్త్రమున నొక మినహాయింపును గలదు. పాతపేరు 1899 తరువాత నెవరును వాడక మూలబడియుండి, క్రొత్తపేరును గడచిన యేబది యేండ్లలో కనీసము పదుగురు గ్రంథకర్తలు ఇరువదియైదు రచనలలో వాడియున్నచో, క్రొత్తదానినే నిలుపుకొనవచ్చును. మైలిట్టాకు రెండవ షరతు సులభముగా కుదురును. ఇరువదియైదు కాదు, వందలు చూపవచ్చును. మొదటి షరతే కుదురదు. పాఫియా మూలబడలేదు, నేటికిని పలువురు వాడుచునే యున్నారు. కావున నీ తగవు తనంతట తాను తీఱునది కాదు. ఎవరో యొకరు సంఘము నెదుట అర్జీ పెట్టి తీర్పు తెచ్చుకొనవలసినదే. అట్టి తీర్పులు రాకపోలేదు. మల్బరీ పట్టుపురుగునకు లిన్నేయసు 1758 లో ‘మోరీ’ యని పేరు పెట్టెను. దాని యడవిజ్ఞాతికి మూరు 1872 లో ‘మాండరీనా’ యని పెట్టెను. రెండును ఒకే జాతియన్నచో రెండవ పేరు చావవలసినదే గదా! 2003 లో సంఘము మఱి పదునాఱు ప్రాణుల పేళ్లతో పాటు దానిని కాపాడి, అడవిదానికి మాండరీనా పేరును వాడుకొనవచ్చునని తీర్పు చెప్పెను. నియమము గొప్పదే, నియమమునకు ప్రయోజనము వాడుకలో స్థిరత్వము. స్థిరత్వమును చెఱచు నియమమును సడలించుటకు నియమకర్తలే దారి విడిచియుంచిరి.

ఇంతవఱకు పేరు మాట. నా మనసును అంతకంటె నెక్కువగా కలచునది వేఱొకటి. మన దేశమున కొందఱు ఈ రెండు పేళ్లను రెండు వేర్వేఱు పురుగులకు పంచి పెట్టుచున్నారు. ఒడిశాలోని మయూరభంజి మండలమున, సిమిలిపాలు కొండలలో, సాలవృక్షములపై పెరుగు పెద్దకాయల యడవిపురుగును ‘మోడలు’ అందురు. దానిని పాఫియా యనియు, చెట్లపై మనుష్యులు మేపుదానిని మైలిట్టా యనియు వ్రాయు పరిశోధకులు గలరు. హాంప్సను మతమున నవి యొకే ప్రాణికి రెండు పేళ్లు. వీరి మతమున రెండు ప్రాణులు. ఒకే మాట యొకని వ్రాతలో గోదావరి ప్రాంతపు పురుగును, మఱియొకని వ్రాతలో సిమిలిపాలు పురుగును చెప్పుచున్నచో, చదువు విద్యార్థి గతియేమి? శలభమను మాటకే సంస్కృతమున మిడుతయనియు దీపపుపురుగనియు రెండర్థములుండి మనలను తికమకపెట్టుచుండగా, శాస్త్రనామమును అదే దారి పట్టిన నెట్లు?

అవి రెండు జాతులా, ఒకటియా యని పేరును చూచి తేల్పరాదు. పురుగునే చూచి తేల్పవలెను. రెంటిని జతపఱచినచో సంతానము కలుగుచున్నది గనుక నొకే జాతి యని కొందఱు వెంటనే తీర్పు చెప్పుదురు. ఇది చాలదు. చైనా దేశపు ఓకుచెట్టు పట్టుపురుగైన పెర్నీకి జతగా 49 క్రోమోజోములు. మన హిమాలయపు రాయిలీకి 30. ఇంత భేదమున్నను మన దేశపు శాస్త్రజ్ఞులు 1970 ప్రాంతమున నా రెంటిని కలిపి ‘ప్రాయిలీ’ యను సంకరమును పుట్టించిరి. మణిపురమున దానిని మేపిరి. తరతరములుగా సంతానము కలిగినది. అయినను పెర్నీని, రాయిలీని ఒకే జాతి యని చెప్పినవారు లేరు. కావున జతగూడుట యొక సాక్ష్యమే గాని తీర్పు కాదు. మన దసలిపురుగునకు 31 క్రోమోజోములు. పురుగు రూపము, గ్రుడ్డు, మగదాని జననాంగముల నిర్మాణము, ఏటికెన్ని కాపులు, ఏ చెట్టు మేత యనువానితోపాటు, నేడు కణములోని డీఎన్ఏ యందలి 658 అక్షరముల యొక ముక్కను చదివి పోల్చు పద్ధతియు వచ్చియున్నది. ఈ సాక్ష్యములన్నియు నొకచోట చేర్చిన తరువాతనే పేరు మాట రావలెను. మన పట్టుపరిశోధకులలో కొందఱు ముందు పేరు వ్రాసి, తరువాత పురుగును వెదకుట నాకు నచ్చదు.

ఇది పండితుల కాలక్షేపము గదా, దీనితో మన కేమి పనియని తల్లిదండ్రు లడుగవచ్చును. పని గలదు. అడవిలో కాయలు తీసి బ్రతుకు కుటుంబమునకు విత్తనపుకాయయే పొలము, దుక్కి, వాన. ఆ విత్తనము మంచిదైననే యా యేటి పంట. బయటినుండి పెద్దకాయల విత్తనమును దెచ్చి మన యడవులలో వదలునపుడు, ‘ఇదియు మైలిట్టాయే, అదియు మైలిట్టాయే, కలిసినను నష్టమేమి?’ యను మాట పుట్టును. జాతి యొకటియైనను వంగడములు వేఱు. ఛత్తీసుగఢములో బస్తరు సీమపు రైలీ, ఝార్ఖండు ప్రాంతపు డాబా, ఒడిశా సుకిందా, మన మద్దియడవుల దేశవాళి, వీనిలో నొక్కొక్కటి తన యెండకు, తన వానకు, తన మేతకు అలవాటు పడినది. ఒకటి మఱియొకదానిలో కరగిపోయినచో మరల తేరాదు. ఇక రెండవవైపు చూడుడు. సిమిలిపాలుపురుగు వేఱు జాతియే యైనచో, దానిని కాపాడవలసిన పద్ధతియే వేఱు; అడవిలో నెన్ని మిగిలినవో విడిగా లెక్కింపవలెను. పెబ్రిను వ్యాధిని గూర్చి యొకరు పాఫియా క్రిందను, మఱియొకరు మైలిట్టా క్రిందను వ్రాసినచో, వైద్యము వెదకువాడు సగమే చదువును. పేరులోని తికమక చివరకు రైతు గంపలో చచ్చిన పురుగులుగా లెక్కకు వచ్చును.

మేతచెట్టు సంగతియు నిట్టిదే. మనము నల్లమద్ది యని మూడక్షరములు దాటీదాటక ముందే చెట్టు కన్నులకు కట్టును. రాక్సుబర్గు దీనికి పెంటాప్టెరా టొమెంటోజా యని పెట్టగా, పిమ్మట నది టెర్మినేలియా టొమెంటోజా యయ్యెను. తరువాత అలాటా యనిరి, క్రెనులాటా యనిరి. నేడు వృక్షనామపట్టికలలో టెర్మినేలియా ఇలిప్టికా యని కనబడుచున్నది. పట్టుపుస్తకములు మాత్రము టొమెంటోజాను విడువలేదు. మద్దిచెట్టు మాత్రమెప్పటివలె నల్లని బెరడుతో నిలుచున్నది.

మన వంగడము పేరును గూర్చి యొక మాట చెప్పక తప్పదు. పట్టుశాస్త్రమువారు దీనిని ‘ఆంధ్ర లోకల్’ అందురు. ఇది పుట్టి పెరుగు యడవులు ఆదిలాబాదు, కరీంనగరము, వరంగల్లు, ఖమ్మము పాతజిల్లాలవి. 2014 లో తెలంగాణము ప్రత్యేకరాష్ట్రమైన తరువాత, ఈ పేరును మార్చవలెనని యెవరికైన తోచుట సహజము. నేను వలదందును. వంగడముల పేళ్లపై అంతర్జాతీయ ధర్మశాస్త్రమునకు అధికారము లేదు, కావున మార్చుట కడ్డు లేదు, అందువలననే భయము. మార్చినచో పాతపేరుతో నున్న దశాబ్దముల లెక్కలన్నియు క్రొత్త పర్యాయపదమునకు బలియగును. ఈ వ్యాసమంతయు దేనిని గూర్చి మొఱపెట్టుచున్నదో దానినే మన చేతులతో మఱల చేసినట్లగును. పేరును ఉండనిచ్చి, ప్రక్కన పుట్టినచోటును తెలుపుట మేలు. చోటు తెలుపుటలోను జాగ్రత్త వలయును. మన బీర్పూరు 2016 అక్టోబరు 11 వఱకు కరీంనగరము జిల్లా, అటుపిమ్మట జగిత్యాల జిల్లా. మహాదేవపురము కరీంనగరమునుండి భూపాలపల్లికిని, చెన్నూరు ఆదిలాబాదునుండి మంచిర్యాలకును పోయినవి. ఊళ్లు కదలలేదు; చీటీమీది జిల్లా కదలినది. కావున జిల్లా పేరొక్కటి వ్రాసి ఊరకుండరాదు. ఊరిపేరు, దగ్గఱి వాగు లేక గుట్ట, ఏడు, నెల తప్పక వ్రాయవలెను.

నా యభిప్రాయము స్పష్టముగా చెప్పెదను. సంఘము తీర్పు చెప్పువఱకు మన పాఠ్యపుస్తకములును, పట్టుశాఖవారి కరపత్రములును మైలిట్టాను వాడుచు, ప్రక్కనే పాఫియాను చూపవలెను. డ్రూరీ బొమ్మ నిస్సందేహమైనది. రైతునకు పనికివచ్చు వ్రాతలలో పెక్కు ఆ పేరుతోనే యున్నవి. హాంప్సను పక్షమువారు, ముందుగా వచ్చిన పేరునకు అన్యాయము చేసితినందురు. వారి వాదము బలమైనదే. అయినను వారు లిన్నేయసు శలభమేదో యందఱికి నొప్పుదలగునట్లు ముందు నిరూపింపవలెను గదా! పాఫియాను సిమిలిపాలుపురుగునకు ప్రత్యేకింపదలచువారు ఆ మాటను వ్యాసారంభముననే చెప్పి, తమ సాక్ష్యమును చూపవలెను. ఈ నామములు రెంటికిని పైన, పెద్దయక్షరములతో, దసలి యని మన పేరుండవలెను. ఆ పేరు లిన్నేయసు నడుగలేదు, డ్రూరీ నడుగలేదు. మేపువాడును, వడుకుదియు, నేయువాడును దానితోనే యొకరి నొకరు తెలిసికొనుచున్నారు.

పాఠశాలలో ప్రకృతివస్తువుల పెట్టె నుంచదలచు విద్యార్థులకు నొక సూచన. శలభమును చంపి గ్రుచ్చనక్కఱలేదు. శలభము వెడలిపోయిన చిల్లుకాయ దాని కాడతో, ఉంగరముతో, ఒక మద్దికొమ్మముక్కతో దొరకినచో చాలును. దాని చీటీమీద ఈ క్రమమున వ్రాయవలెను: దసలిపురుగు, ఆంథీరియా మైలిట్టా, డ్రూరీ, 1773, కొందఱి మతమున ఆంథీరియా పాఫియా, లిన్నేయసు, 1758, మేత నల్లమద్దియో తెల్లమద్దియో, ఊరు, వాగు, తేదీ. చివర నొక పంక్తి ఖాళీగా విడిచి, కాయ నిచ్చినవారిని, మీరు దీని నేమందురని యడిగి, వారు చెప్పిన మాటను చెప్పినది చెప్పినట్లు అందు వ్రాయుడు.